పసిపిల్లల కన్నీటి నాళం అడ్డు: చికిత్స తరువాత సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడవకపోయినా కంట నీరు కారడం, నిద్ర లేచేసరికి రెప్పలు పుసులతో అంటుకుపోవడం చాలామంది పసిపిల్లల్లో కనిపిస్తుంది. కన్నీటిని ముక్కులోకి దింపే సన్నని నాళం అడుగున ఒక పలుచని పొర పుట్టుకతో తెరుచుకోకుండా ఉండిపోవడమే దీనికి ముఖ్య కారణం. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు మర్దనతో, కాలంతో అదే తగ్గిపోతుంది. తగ్గని పిల్లలకు మత్తు ఇచ్చి సన్నని లోహపు కడ్డీతో ఆ పొరను తెరుస్తారు. దీనినే ప్రోబింగ్ అంటారు. అవసరమైతే నాళంలో సిలికాన్ గొట్టం అమరుస్తారు, లేదా చిన్న బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేస్తారు. ఇవేవీ ఫలించని కొద్దిమందికి కన్నీటి సంచికీ ముక్కుకూ మధ్య కొత్త దారి ఏర్పరిచే డి.సి.ఆర్. శస్త్రచికిత్స చేస్తారు. బిడ్డను ఇంటికి తెచ్చుకున్న తరువాత తల్లిదండ్రులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మీ వైద్యులు మీ బిడ్డకు ప్రత్యేకంగా చెప్పిన సూచన ఏదైనా దీనికి భిన్నంగా ఉంటే, వారి మాటనే పాటించండి.

ప్రోబింగ్ చేయించి ఇంటికి తెచ్చాము. మొదటి రోజు బిడ్డ ఎలా ఉంటే మామూలుగా ఉన్నట్టు?

మత్తు దిగే క్రమంలో బిడ్డ చిరాకు పడడం, మామూలుకంటే ఎక్కువ నిద్రపోవడం, ఒకటి రెండు సార్లు వాంతి చేసుకోవడం సహజం. ముందు కొద్దిగా నీళ్ళు పట్టి, అవి నిలిస్తే తల్లిపాలు గాని, రోజూ తాగే పాలు గాని ఇవ్వండి. ఆకలిగా ఉంది కదా అని ఒక్కసారిగా కడుపునిండా పట్టవద్దు. కన్నీరు లేత గులాబీ రంగులో ఉండడం, ముక్కు తుడిచినప్పుడు గుడ్డకు సన్నని రక్తపు చార అంటడం ఒకటి రెండు రోజులు కనిపించవచ్చు. నాళం తెరుచుకుందో లేదో చూడడానికి వైద్యులు పసుపుపచ్చని రంగు మందును కంటి నుంచి ముక్కులోకి పంపి ఉంటారు కనుక చీమిడిలో, వాంతిలో ఆ రంగు కనిపిస్తే కంగారు పడవలసిన పని లేదు. దానిని చీముగా పొరబడి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తేవారు ఉంటారు. ఈ సంగతి ముందుగా చెప్పి పంపితే వారికి ఆ రాత్రి ఎంతో తేలికగా గడుస్తుంది.

ముక్కు నుంచి రక్తం చుక్కలుగా కాక ధారగా కారుతూ, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోతే, వాంతులు ఆగకుండా అవుతూ ఉంటే, లేపినా బిడ్డ సరిగా కళ్ళు తెరవకుండా మగతగా ఉంటే, ఊపిరి కష్టంగా తీస్తూ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నొప్పి ఉంటుందా? ఏ మందు వేయాలి?

ప్రోబింగ్‌లో కోత గాని కుట్లు గాని ఉండవు కాబట్టి నొప్పి స్వల్పమే. అవసరమైతే పారాసిటమాల్ సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. మన మందుల షాపుల్లో ఈ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది మరొకటి దొరుకుతాయి. చిన్నపిల్లలకు వాడే చుక్కల సీసాలో మందు ఇంకా గాఢంగా, ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మోతాదును బిడ్డ బరువును బట్టి నిర్ణయిస్తారు కనుక, చీటీలో రాసిన బలమూ సీసా మీద ఉన్న బలమూ ఒకటేనా అని చూసిన తరువాతే పట్టండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

చుక్కల మందు వేయబోతే బిడ్డ కళ్ళు గట్టిగా మూసేస్తోంది. ఎలా వేయాలి?

బలవంతంగా రెప్పలు విడదీయవలసిన అవసరం లేదు. చేతులు సబ్బుతో కడుక్కొని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, అవసరమైతే చేతులు కదలకుండా మెత్తని దుప్పటి చుట్టండి. కళ్ళు మూసుకొని ఉన్నా సరే, ముక్కు వైపు ఉన్న కంటి కొలికిలో ఒక చుక్క వేసి కొద్ది క్షణాలు ఆగండి. బిడ్డ కన్ను తెరిచిన వెంటనే మందు లోపలికి జారుతుంది. ఒక చుక్క చాలు. పసికంటిలో రెండో చుక్కకు చోటు ఉండదు, అది చెంప మీదకు కారిపోతుంది. రెండు రకాల చుక్కలు రాసి ఉంటే వాటి మధ్య కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వండి. సీసా మూతి రెప్పకు గాని వెంట్రుకలకు గాని తగలనివ్వకండి. నిద్రపోతున్న బిడ్డకు వేయడం చాలామంది తల్లులకు సులువుగా కుదురుతుంది, అందులో తప్పేమీ లేదు.

చుక్కలు ఎన్నాళ్ళు వాడాలి? పుసులు మళ్ళీ వస్తే పాత సీసా వాడవచ్చా?

సాధారణంగా ఒకటి రెండు వారాలు వాడమని రాస్తారు. మూడో రోజుకే కన్ను శుభ్రంగా కనిపించిందని ఆపేయకుండా, చెప్పిన గడువు పూర్తి చేయండి. గడువు దాటిన తరువాత మీ అంతట మీరు కొనసాగించకండి. ప్రోబింగ్ తరువాత రాసే చుక్కల్లో కొన్నిసార్లు యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. వైద్యుల పర్యవేక్షణలో కొద్దిరోజులు వాడితే అది వాపు తగ్గించి మేలు చేస్తుంది. కానీ పాత చీటీ చూపించి నెలల తరబడి కొని వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, కటకం మసకబారి శుక్లం ఏర్పడవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మన ఊళ్ళలో చీటీ లేకుండానే కంటి చుక్కలు చేతికందుతాయి కాబట్టి ఈ హెచ్చరికను గట్టిగా చెప్పవలసి వస్తోంది. సీసా మూత తీసి నెల దాటితే, లోపల మందు మిగిలి ఉన్నా పారవేయండి. అన్నకు రాసిన చుక్కలు చెల్లికి వేయవద్దు.

మర్దన కొనసాగించాలా?

ప్రోబింగ్ తరువాత కొందరు వైద్యులు కొన్ని వారాలు మర్దన చేయమంటారు, మరికొందరు అవసరం లేదంటారు. మీ వైద్యులను అడిగి తెలుసుకోండి. చేయమని చెప్పి ఉంటే, ఎక్కడ నొక్కాలో ఆసుపత్రి నుంచి వచ్చేముందే వారి ఎదుట ఒకసారి చేసి చూపించడం మంచిది. చాలామంది కంటి కింద చెంప మీదనో, ముక్కు దూలం మీదనో వేలితో రాస్తూ ఉంటారు. దానివల్ల ప్రయోజనం లేదు. కన్నీటి సంచి ఉండేది కంటి లోపలి కొలికికీ ముక్కుకూ మధ్య ఉన్న చిన్న పల్లంలో. గోరు కత్తిరించిన వేలి కొనను అక్కడ ఆనించి, కొద్దిగా లోపలికి ఒత్తి, ఆ ఒత్తిడి వదలకుండా కిందికి జార్చాలి. ఐదు నుంచి పది సార్లు చొప్పున, రోజుకు మూడు నాలుగు పూటలు చేస్తే చాలు. సంచిలోని నీరు కిందికి నెట్టుకుపోయి మూసుకున్న పొరపై ఒత్తిడి కలిగించాలన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన. క్రిగ్లర్ అనే వైద్యుడు 1923లో వివరించిన ఈ పద్ధతినే నేటికీ నేర్పుతున్నారు. గొట్టం అమర్చి ఉన్న కంటికి గాని, కొలికి దగ్గర ఎర్రగా వాచి ఉన్నప్పుడు గాని మర్దన చేయకూడదు.

కాటుక ఎప్పటినుంచి పెట్టవచ్చు? చనుబాలు పిండితే మంచిదని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు.

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది తల్లులు మొహమాటపడతారు. ఇంట్లో అత్తగారో అమ్మమ్మో ఎదుట ఉన్నప్పుడు అసలే అడగరు. అందుకే దీనికి వివరంగా చెప్పవలసి ఉంది.

కాటుక కంటిలోపల పెట్టవద్దు. ఇప్పుడే కాదు, తరువాత కూడా. రెప్పల అంచున, లోపలి కొలికి దగ్గర పైనొకటి కిందొకటి సూదిమొన అంత రంధ్రాలు ఉంటాయి. కన్నీరు సంచిలోకి వెళ్ళేది ఆ రంధ్రాల గుండానే. కాటుకలోని మసి, జిడ్డు చేరేది కూడా సరిగ్గా అక్కడే. బజారులో దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇంట్లో దీపపు సెగ మీద పట్టిన కాటుకలో సీసం లేకపోవచ్చు గాని, మసి మసే, పెట్టే వేలు వేలే. దిష్టి కోసమే అయితే చుక్కను బుగ్గన గాని, అరికాలిలో గాని పెట్టుకోవచ్చు. అలా చెబితే పెద్దవాళ్ళ మాట కాదన్నట్టు ఉండదు, బిడ్డ కంటికీ ఇబ్బంది ఉండదు.

చనుబాలు బిడ్డ కడుపుకు అమృతమే, కంటికి మాత్రం మందు కాదు. పాలలోని చక్కెర, కొవ్వు కొలికిలో నిలిచిపోతే క్రిములు పెరగడానికి అనువైన చోటు ఏర్పడుతుంది. చికిత్స జరిగిన నాళంలోకి అలాంటిది పంపకూడదు. ఆముదం, తేనె, నిమ్మరసం, పన్నీరు వంటివి కంటిలో వేయడం, ముక్కు రంధ్రాల్లో నూనె చుక్కలు పోయడం కూడా మానండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది.

లాల ఎప్పుడు పోయాలి? సాంబ్రాణి ధూపం వేయవచ్చా?

ఒంటికి స్నానం మరునాటి నుంచి చేయించవచ్చు. తలస్నానం కొద్దిరోజులు ఆపి, తరువాత కూడా వారం రెండు వారాల పాటు కుంకుడు రసం, సున్నిపిండి, షాంపూ కంటిలోకి కారకుండా చూసుకోండి. కాళ్ళ మీద పడుకోబెట్టుకొని లాల పోసే అలవాటు ఉంటే బిడ్డ తలను కొద్దిగా వెనక్కి వంచి, నుదుటి మీద అరచేయి అడ్డం పెట్టి పోయండి. స్నానం తరువాత సాంబ్రాణి పొగకు బదులు పొడి తువ్వాలుతో జుట్టు ఆరబెట్టండి. పొగ కంటినీ ముక్కు లోపలి పొరనూ రేపుతుంది. ముక్కు పొర ఉబ్బితే నాళం కింది మూతి ఇరుకవుతుంది. ఇంట్లో సిగరెట్, బీడీ పొగకూ, దోమల చుట్టల పొగకూ ఇదే వర్తిస్తుంది. ఈత కొలనులు, చెరువులు కనీసం రెండు వారాలు వద్దు.

కన్ను ఎలా శుభ్రం చేయాలి?

కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూదిని ముంచి, పిండి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒకే ఒక్క దిశలో తుడవండి. ఒక ముక్కను ఒక్కసారే వాడాలి, రెండో కంటికి వేరే ముక్క తీసుకోవాలి. ఎండి అతుక్కున్న పుసులను గిల్లి తీయకుండా, తడి దూదిని కాసేపు రెప్ప మీద ఆనించి ఉంచితే అవే మెత్తబడతాయి. చీరకొంగుతో తుడవవద్దు.

ప్రోబింగ్ అయి పది రోజులైనా నీరు కారుతూనే ఉంది. చికిత్స విఫలమైనట్టేనా?

తల్లిదండ్రులను అన్నిటికంటే ఎక్కువగా బాధించే ప్రశ్న ఇదే. సమాధానం, ఇంత తొందరగా తేల్చకూడదు అని. కడ్డీ వెళ్ళిన దారిలో లోపలి పొర కొద్దిగా వాచి ఉంటుంది. ఆ వాపు తీసే వరకు నీరు కారడం ఆశ్చర్యం కాదు. కొందరికి మరునాటికే కన్ను ఆరిపోతుంది, కొందరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందుకే ఫలితాన్ని సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తరువాత నిర్ణయిస్తారు.

ఈ లోపు మీరు చేయగలిగిన ఉపయోగకరమైన పని ఒకటి ఉంది. ఒక క్యాలెండరు మీద ప్రతి ఉదయం రెండే విషయాలు గుర్తు పెట్టండి: నిద్ర లేచేసరికి రెప్పలు అంటుకున్నాయా, ఏడవని సమయంలో చెంప మీదకు నీరు జారిందా. రోజుకొక ఫోటో తీసినా సరే. రోజు రోజుకూ పోల్చి చూస్తే భయమే మిగులుతుంది గాని, వారం వారానికి పోల్చితే కన్ను ఎటు వెళుతోందో కనిపిస్తుంది. మొదటి వారంలో ఏడు రోజులూ అంటుకున్న రెప్పలు మూడో వారంలో రెండు రోజులే అంటుకుంటే నాళం తెరుచుకొని ఉన్నదనే ఆశించవచ్చు. ఈ గుర్తులు వైద్యులకు చూపిస్తే, "తగ్గినట్టే ఉంది, తగ్గనట్టూ ఉంది" అనే మాటకంటే ఎంతో మేలు. మరొక శుభసూచన కూడా ఉంది. ఏడ్చినప్పుడు బిడ్డ ముక్కు మునుపటికంటే ఎక్కువగా తడవడం మొదలైతే, కన్నీరు చేరవలసిన చోటికి చేరుతున్నదన్నమాట. దానిని జలుబుగా భావించి మందులు వేయకండి.

తనిఖీకి వెళ్ళినప్పుడు ఏమి పరీక్ష చేస్తారు? మళ్ళీ మత్తు ఇస్తారా?

అవసరం లేదు. రెండు కళ్ళలో పసుపుపచ్చని రంగు మందు వేసి, ఐదు నిమిషాల తరువాత నీలం కాంతిలో చూస్తారు. నాళం తెరుచుకొని ఉంటే రంగు చాలావరకు మాయమవుతుంది. అడ్డు ఉంటే రెప్ప అంచున మెరిసే గీతలా నిలిచిపోతుంది. నొప్పి లేని ఈ పరీక్షను తల్లి ఒడిలోనే చేయవచ్చు. వెళ్ళేముందు కన్ను తుడిచి ముస్తాబు చేయకండి. కన్ను రోజూ ఎలా ఉంటుందో వైద్యులు అలాగే చూడాలి. అదే సందర్శనలో కళ్ళజోడు అవసరం ఉందేమో కూడా పరీక్షించమని అడగండి. ఈ అడ్డు ఉన్న పిల్లల్లో రెండు కళ్ళ పవరు మధ్య తేడా కొంత ఎక్కువగా కనిపించినట్టు కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ తేడాను సమయానికి గుర్తించకపోతే ఒక కన్ను బద్ధకించి చూపు మందగిస్తుంది.

నయమైన తరువాత జలుబు చేసినప్పుడల్లా నీరు కారుతోంది. మళ్ళీ మూసుకుపోయిందా?

కాదనే చెప్పవచ్చు. కన్నీటి నాళం ముక్కులోకి తెరుచుకుంటుంది కాబట్టి, రొంపతో ముక్కు లోపల వాచినప్పుడు నాళం మూతి తాత్కాలికంగా ఇరుకవుతుంది. జలుబు తగ్గిన వారం పది రోజుల్లో కన్ను మళ్ళీ ఆరిపోవాలి. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు సరిపోతాయి. జలుబు పూర్తిగా తగ్గి రెండు మూడు వారాలు గడిచినా నీరు ఆగకపోతే చూపించండి.

సిలికాన్ గొట్టం అమర్చారు. ఏమేమి గమనించాలి?

గొట్టాన్ని సాధారణంగా రెండు మూడు నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు. లోపలి కొలికిలో పై రెప్పకూ కింది రెప్పకూ మధ్య సన్నని పారదర్శకమైన దారంలా కొద్ది భాగం కనిపిస్తుంది, అది ఉండవలసినదే. బిడ్డ కన్ను నులుముకోకుండా మొదటి కొన్ని వారాలు రాత్రిపూట చేతులకు మెత్తని తొడుగులు వేయండి. గొట్టం ఉన్న కంటిని తుడిచేటప్పుడు మాత్రం కొలికి నుంచి బయటికి లాగినట్టు తుడవవద్దు.

ఒక ఉదయం ఆ దారం వదులై, చెంప మీద పెద్ద ఉంగరంలా వేలాడుతూ కనిపించవచ్చు. చూడగానే గుండె జారుతుంది గాని, అది చూపుకు ప్రమాదం కాదు. దానిని లాగవద్దు, కత్తిరించవద్దు, మీ అంతట మీరు లోపలికి తోయవద్దు. వేలాడే భాగాన్ని చర్మానికి హాని చేయని కాగితపు ప్లాస్టరుతో ముక్కు పక్కన అంటించి, అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయండి. చాలాసార్లు వైద్యులు దానిని తిరిగి సరిచేయగలుగుతారు. గొట్టం కంటి నల్లగుడ్డుకు రాసుకొని కన్ను ఎర్రబడినా, బిడ్డ కన్ను తెరవలేకపోయినా ఆలస్యం చేయకుండా వెళ్ళండి. గొట్టం అసలు కనిపించకపోతే, తుమ్మినప్పుడు ఊడిపోయిందని మీరే నిర్ణయించుకోకండి. అది లోపలికి జారి ఉండవచ్చు కాబట్టి పరీక్ష అవసరం.

గొట్టం ఉన్నంతకాలం కొంత నీరు కారవచ్చు, ఎందుకంటే నాళంలో కొంత చోటును గొట్టమే ఆక్రమిస్తుంది. అసలు ఫలితం తెలిసేది దానిని తీసిన తరువాతే. కొన్ని రకాలను బయటి రోగుల విభాగంలోనే తీస్తారు. కొన్నింటికి, ముఖ్యంగా బెదిరే పిల్లలకు, కొద్దిసేపు మత్తు ఇవ్వవలసి వస్తుంది.

డి.సి.ఆర్. తరువాత సంరక్షణ వేరుగా ఉంటుందా?

ఉంటుంది. ఇది ఎముకలో దారి చేసే శస్త్రచికిత్స కాబట్టి కోలుకునే కాలం ఎక్కువ. సుమారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని కాస్త పెద్ద పిల్లలకు నేర్పించాలి. ముక్కులో వేలు పెట్టనివ్వకూడదు. బయట కోత పెట్టి ఉంటే కుట్లను సుమారు వారానికి తీస్తారు. ఎండోస్కోపీ ద్వారా ముక్కులోంచి చేసి ఉంటే, ముక్కులో కట్టిన పొలుసులను శుభ్రం చేయడానికి చెప్పిన తేదీలకు తప్పక వెళ్ళాలి. ఈ తనిఖీలు మానితే కొత్త దారి మచ్చకట్టి మూసుకుపోవచ్చు.

ఏ లక్షణాలు కనిపిస్తే అదే రోజు పరుగెత్తాలి?

లోపలి కొలికి దగ్గర ఎర్రగా, వేడిగా గడ్డలా వాచి, ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తూ, జ్వరం కూడా ఉంటే కన్నీటి సంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఆ గడ్డను పిండవద్దు, కాపడం పెట్టి పగలగొట్టవద్దు. రెప్ప మొత్తం వాచి మూసుకుపోవడం, కంటిగుడ్డు ముందుకు పొడుచుకు రావడం, కన్ను అటూ ఇటూ తిప్పలేకపోవడం అత్యవసర పరిస్థితులు. పసిపిల్లల్లో ఈ ఇన్‌ఫెక్షన్ గంటల్లో వ్యాపిస్తుంది.

ఇంకొక సంగతి వేరుగా చెప్పవలసి ఉంది. నీరు కారడంతో పాటు బిడ్డ వెలుతురును చూడలేక ముఖం దాచుకుంటూ, నల్లగుడ్డు మామూలుకంటే పెద్దదిగా గాని, మసకగా నీలిగా గాని కనిపిస్తే అది నాళం సమస్య కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే నీటికాసులలో కూడా కంట నీరు కారుతుంది. పాశ్చాత్య దేశాల్లో 10,000 జననాలకు ఒకటి, అంతకంటే తక్కువగా కనిపించే ఈ జబ్బు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒకటిగా ఉందని వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. మేనరికపు పెళ్ళిళ్ళను దీనికి ఒక కారణంగా చెబుతారు. నాళానికి చికిత్స జరిగిందన్న ధీమాతో ఈ లక్షణాలను వదిలివేయకండి.

మొదటి ప్రోబింగ్ ఫలించకపోతే?

అమెరికాలో పిల్లల కంటి వైద్యుల పరిశోధక బృందం ఒకటి నాలుగేళ్ళలోపు పిల్లలు 718 మందిని పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ప్రోబింగ్‌తో 78 శాతం కళ్ళు నయమయ్యాయి. మూడేళ్ళు దాటిన పిల్లల్లో ఫలితం కొంత తక్కువగా కనిపించింది. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి రెండో ప్రయత్నం అవసరం పడుతుంది. అది మీ సంరక్షణలో లోపం కాదు. ఏదో ఒక పూట చుక్కలు వేయడం మరిచినందువల్ల ఇలా జరిగిందని తల్లి తనను తాను నిందించుకోవడం అన్యాయం. నాళం ఇరుకుగా ఉండడం, ముక్కులోని ఎముక నాళం మూతికి అడ్డుగా ఉండడం, ముక్కులో నీటిబుడగ ఉండడం వంటివి అసలు కారణాలు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో అడ్డు మరింత జటిలంగా ఉండవచ్చు. సాధారణంగా ఒకటి రెండు నెలలు ఆగి, రెండోసారి ముక్కులోకి ఎండోస్కోపుతో చూస్తూ ప్రోబింగ్ చేయడమో, గొట్టం అమర్చడమో చేస్తారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కన్నీటి నాళ వ్యాధులకే ప్రత్యేకమైన విభాగం ఉంది. జటిలమైన కేసులను అలాంటి చోట చూపించుకోవడం మంచిది.

మేము దూరం నుంచి వచ్చాము. తనిఖీలకు ప్రతిసారీ రావాలా?

సెలవుల్లో విదేశాల నుంచి వచ్చి చికిత్స చేయించుకునేవారికీ, పల్లె నుంచి నగరానికి రెండు బస్సులు మారి వచ్చేవారికీ ఇది నిజమైన ఇబ్బంది. అయినా మొదటి తనిఖీ, ఆరు వారాల తనిఖీ మాత్రం వదలకండి. వీలైతే మొదటి తనిఖీ పూర్తయిన తరువాతి తేదీకే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. డిశ్చార్జి కాగితంలో ఏ కంటికి ఏమి చేశారు, నాళంలో అడ్డు ఎక్కడ ఉంది, నీరు పంపినప్పుడు ముక్కులోకి చేరిందా, గొట్టం పెడితే ఏ రకం, ఎప్పుడు తీయాలి అన్న వివరాలు ఉన్నాయో లేదో చూసుకొని, లేకపోతే రాయించుకోండి. ఆ కాగితం ఉంటే మీ ఊరికి దగ్గరలోని కంటి వైద్యులు మధ్యలో అవసరమైన తనిఖీలు చేయగలుగుతారు. దాని ఫోటో తల్లి ఫోనులోనూ తండ్రి ఫోనులోనూ ఉంచుకోండి.